ఖాళీగా వదిలిన రెండో పేరు

ఫిల్మ్ నగర్, జులై 1991, మంగళవారం

మా బ్యాడ్మింటన్ క్లబ్ సెక్రటరీ ఈరోజు యాదగిరి ఆటను చంపేశాడు. జూనియర్ సెలెక్షన్‌కు పంపే డబుల్స్ ఫారంలో నా పేరు కింద వాడి పేరుకు బదులు ఒక నిర్మాత కొడుకు పేరు రాశాడు. ఆరేళ్లుగా నేను వెనక నుంచి స్మాష్ కొడితే నెట్ దగ్గర పాయింటు ముగించింది యాదగిరి. వచ్చే ఏడాదికి వాడికి వయసు దాటిపోతుంది.

"సంతకం నీదే కదా బాబూ, ఇంకా గొడవేంటి?" అన్నాడు సెక్రటరీ.

నాదే. ఆయనే నింపుతాడని ఎప్పటిలాగే ఖాళీ ఫారం మీద పెట్టిచ్చాను. కాలేజీలో దోపిడీ మీద ఇన్ని కరపత్రాలు చదివి ఏం లాభం, సంతకం పెట్టే కాగితం చదవకపోతే?

చెప్పడానికి ఎర్రగడ్డలో యాదగిరి ఇంటికి వెళ్తే, ప్రతి టోర్నమెంటుకు ముందు చేసినట్టే నా రాకెట్‌కు కొత్త గ్రిప్ చుడుతున్నాడు. విన్నాక కూడా చుట్టడం ఆపలేదు.

"నువ్వైతే ఆడు రా. ఇద్దరం బయట కూసుంటే ఎవలికి ఫాయిదా? గా పిలగానితోనైతే కోర్టంత నువ్వే ఉరకాలె, పానం పోతది" అని నవ్వాడు. ఆ నవ్వు చూడలేకపోయాను.

తప్పుకుంటే స్పోర్ట్స్ కోటా ఉద్యోగం మీద అమ్మ పెట్టుకున్న ఆశ పోతుంది. ఆడితే నేనూ సెక్రటరీనే. ఫారాలు రేపు పదింటికి వెళ్లిపోతాయి. తెల్లారకముందే క్లబ్ గేటుకు అంటించాల్సిన కాగితం రాశాను. ఈసారి రెండుసార్లు చదివాకే సంతకం పెట్టాను:

"ఇక్కడ ఆడేవాళ్లందరూ ఉదయం ఆరింటికి నెట్ దగ్గర కూర్చోండి. యాదగిరి పేరు రాసేదాకా షటిల్ లేవకూడదు."