తూముకు అందని నీళ్లు

మంగళవారం, రాత్రి

చెరువు నీళ్ల గురించి సాయంత్రం కట్ట మీద కూర్చున్నాం. చివరి మడిలో లచ్చవ్వ వరి పొట్టకొచ్చి ఎండుతోంది. చెరువులో దించిన మోటార్లు తీసేసి, మునుపటిలా తూము నుంచే వంతులవారీగా పారించుకుందామని అందరూ ఒప్పుకున్నారు. ముందు ఎవరు తీయాలన్న దగ్గరే ఆగింది.

"నువ్వు తియ్యి బావా, నీ వెనుకనే నేను తీస్త" అన్నాడు రాజయ్య. నిన్ననే సిద్దిపేట పోయి కొత్త మోటారు తెచ్చుకున్నాడు.

"నువ్వు తీసేదాక నేను కండ్లు మూసుకొని కూసోవాల్నా?" అన్నాను.

తూము తెరిచే నీరటి మల్లయ్య నవ్వాడు. "ఇగ ఎవలు తీస్తే ఏంది? నీళ్లు తూముకన్న కిందికి పోయినయి."

లచ్చవ్వ కొంగు దులుపుకుని లేచింది. "ఎండనియ్యిండ్రి" అంది.

వస్తూ నా మోటారు వేసి వచ్చాను. నేను ఆపినా ఆ నీళ్లు లచ్చవ్వ మడికి పారవు, రాజయ్య పొలానికే పోతాయి. రాజయ్య కూడా ఇలాగే అనుకుని ఉంటాడు.