రెండో కారుతో పోల్చమన్న అత్తకు

అత్తా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఉత్తరం నువ్వు చదవలేవని తెలిసినా, ఈ వార్త ముందుగా నీకే చెప్పాలనిపించింది. ఇవాళ యూనివర్సిటీ డిబేట్ ఫైనల్ గెలిచాను. స్వీడన్, డెన్మార్క్ వంటి నార్డిక్ దేశాల్లో అమ్ముడయ్యే ఖరీదైన ఎలక్ట్రిక్ సైకిళ్లు సంపన్నుల విలాసమేనా అన్నది అంశం. కాదని వాదించడం నా వంతు.

"ఆ ధరకు ఇక్కడ ఆస్ట్రేలియాలో పాత కారొస్తుంది, మేట్" అన్నాడు ప్రత్యర్థి లియమ్. హాలంతా నవ్వింది.

అందరూ కార్లలోనే తిరిగే మన ఊరు టూవూంబాలో నువ్వు స్వీడన్ ఎలక్ట్రిక్ సైకిల్ మీద ఆసుపత్రి డ్యూటీకి వెళ్లేదానివి. దాని ధర గురించి నేను దెప్పినప్పుడల్లా, "మామూలు సైకిల్‌తో పోలుస్తావేంరా? మనం కొనకుండా మానుకున్న రెండో కారుతో పోల్చు" అనేదానివి. ఎన్ని పుస్తకాలు ఉటంకించినా ఆ మాటను నేను ఖండించలేకపోయాను.

ఇవాళ అదే వాదించాను. మంచులోనూ పిల్లల్ని బడికి చేర్చే ఆ సైకిల్‌ను అక్కడి కుటుంబాలు రెండో కారుకు బదులుగా కొంటున్నాయన్నాను.

బయటికొచ్చాక లియమ్, "ఇదెక్కడ చదివావు?" అని అడిగాడు.

"చదవలేదు. మా అత్త చేతిలో ఓడిపోయి నేర్చుకున్నాను" అన్నాను.

అన్నిసార్లు ఓడించినందుకు కృతజ్ఞతతో,
నీ మేనల్లుడు