కొండ దిగిన సువార్త

తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున. పడమటి కొండ మీది మఠానికి అధిపతిని, గ్రంథాలు రాసుకుంటూ ముసలివాడినైన పతాపె అనే నేను, కాళ్లు చచ్చుబడినా బుద్ధి నిలకడగా ఉండగా, ఒకరు బెదిరించక, ఒకరు బతిమాలక, నా ఇష్టపూర్తిగా చెప్పి రాయిస్తున్న వీలునామా. రాస్తున్నది రేవు ఊరి చర్చి పాదిరి సూరస్. దీన్ని అమలు జరపవలసింది కూడా ఆయనే. నా మాటలకు మెరుగులు దిద్దవద్దని ముందే చెప్పాను.

1. నా దేహానికి కొత్త నారబట్ట వద్దు. జీవితమంతా కలం తుడుచుకున్న నా పాత పైగుడ్డలోనే చుట్టాలి. దాన్ని ఉతకరాదు.

2. నా తమ్ముడు కోమెస్, రక్తసంబంధం చూపించి, మఠంలో గాని, దాని ఖర్జూరపు చెట్లలో గాని ఎలాంటి హక్కూ అడగరాదు. మా మఠాలు గురువు నుంచి శిష్యుడికి సంక్రమిస్తాయే తప్ప తమ్ముళ్లకు కాదు. అమ్మను పాతిపెట్టాక గాని వాడు నాకు కబురు పంపలేదు. ఎందుకురా అంటే, "సన్యాసం పుచ్చుకున్నవాడివి, నీకింకా అమ్మేమిటన్నా?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. అయినా, అమ్మ పండగ రొట్టెల మీద గుర్తు వేసే కొయ్య అచ్చు నా దగ్గరుంది. అది కోమెస్‌కే చెందుతుంది. వాడి పిల్లలు ఆవిడ గుర్తున్న రొట్టె తినాలి.

3. మఠం, దాని గదులు, సరిహద్దులతో సహా, నా తదనంతరం శిష్యుడు పిసాన్‌కు సర్వహక్కులతో దఖలు. మఠమంటే ఇప్పుడేముంది గనక? బావి ఉప్పెక్కింది, సోదరులు తలా ఒక దారి పట్టారు, మిగిలింది మేమిద్దరమే. నా రెల్లు కలాలు, తోలు గీకే కత్తి కూడా వాడికే. వాడి వరుసలు తాగినవాడి నడకలా పోతాయని ఇన్నేళ్లూ తిట్టిపోశాను. నిజానికి వాడి అక్షరం నా అక్షరం కంటే అందంగా ఉంటుంది. ఎదుట చెబితే నెత్తికెక్కుతాడని చెప్పలేదు.

4. రేవు ఊరి విధవరాలు తెక్లాకు నా ఉన్ని దుప్పటి, ఆమెదే అయిన పప్పు కుండ. ఆ కుండ తిరిగివ్వమని ఆమె ఎన్నిసార్లు అడిగిందో! మరచిపోయి కాదు, కుండ ఇచ్చేస్తే మళ్లీ పప్పు రాదేమోనని ఇవ్వలేదు.

5. ఇక సువార్త గ్రంథం సంగతి. తెక్లా ఒక్కగానొక్క కొడుకు హోర్ వరదలో పోయినప్పుడు, ఆమె తన మేకల మందంతా మఠానికిచ్చింది. ఆ తోళ్లే ఈ పుటలు. ఏటేటా వాడు పోయిన రోజున చివరి పుట తీసి వాడి పేరు పైకి చదవాలన్నది ఒప్పందం. ఆ పేరు కింద, మా ఆచారం ప్రకారం, దేవుని ఎదుట నేను ఒక శాపం రాశాను: "ఈ గ్రంథాన్ని ఈ కొండ దాటించినవాడి పేరు పరలోకంలోని జీవగ్రంథంలో నుంచి చెరిగిపోవు గాక." దొంగలకని రాశాను. చెదలు వస్తాయని నాకేం తెలుసు!

కీర్తనల గ్రంథం ఇప్పటికే మట్టయిపోయింది. సువార్త అట్టలోకీ చెదలు దిగాయి. కిందికి తీసుకెళ్లరా అంటే పిసాన్ గడగడలాడాడు. "నా వల్ల కాదయ్యా, నా పేరు పోతుంది" అని ఏడ్చాడు. శాపం గీకేద్దామన్నాడు. దేవుని ఎదుట అన్న మాట కత్తితో గీకితే పోతుందట్రా, వెర్రివాడా!

అందుకని ఈ ఉదయం గ్రంథాన్ని ఆ పైగుడ్డతోనే నా రొమ్ముకు కట్టుకుని పిసాన్ వీపెక్కాను. "నేను మోసేది మిమ్మల్నే కదయ్యా? దాన్ని కాదుగా?" అని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు. నన్నేరా అన్నాను. కనుక ఈ వీలునామా పుట్టింది కొండ మీద కాదు, తెక్లా ఇంటి అరుగు మీద. గ్రంథం ఇకపై రేవు ఊరి చర్చికి చెందుతుంది.

శాపం రాసింది నేను, దాటించింది నేను. పిసాన్‌కు దీంతో ఏ సంబంధమూ లేదు. నాకు భయంగానే ఉంది. కానీ హోర్ పేరు చెదలకు వదిలేసి నా పేరు కాపాడుకోలేను. చివరి పుటలో గ్రంథం రాసినవాడిగా నా పేరు కూడా ఉంది. తెక్లా తల్లీ, నీ కొడుకు పేరయ్యాక అది కూడా చదివించు. పైన చెరిగిపోతే, కిందనైనా ఎవరో ఒకరు నన్ను పిలవాలి కదా.

మా చర్చి లెక్క ప్రకారం అమరవీరుల శకం 580, పయోని మాసం, పన్నెండవ దినం.

పతాపె, పాపి. నా చేతి సిలువ గుర్తు ✝

సాక్షి: పెసింథ్, పడవవాడు. ఆయన చెప్పగా విన్నాను.
సాక్షి: ఎనోక్, చర్చి దీపాలు చూసేవాడు. నేనూ విన్నాను.

వారసుడి అంగీకారం: పిసాన్ అనే నేను మఠాన్ని స్వీకరిస్తున్నాను. అయిదవ అంశంలో నాకు ఏ సంబంధమూ లేదని అయ్య చెప్పిన ఒక్క మాట ఒప్పుకోను. కొండ దిగేటప్పుడు ఆ గ్రంథం బరువు కూడా నా వీపు మీదే ఉంది. నాకది తెలుస్తూనే ఉంది. అలాగే రాసుకోండి.