సూర్యుడు మోకాలికి దిగినందున వేడినీళ్ళ పెట్టె వాపసు కోరుట గురించి

వర్‌షోద్ గ్రామం,
సూర్యుడు మోకాలికి దిగిన మరునాడు.

జిల్లా విద్యుత్ అధికారి దవ్లత్‌మీర్ గారి సముఖమునకు, వర్‌షోద్ కాపురస్థుడు, మాజీ లారీ డ్రైవరు యోర్‌బేగ్ షోనజరొవ్ సమర్పించుకొను అర్జీ.

విషయం: మా ఊరి ఆరోగ్య కేంద్రం కప్పు మీద నుంచి, విద్యుత్ కేంద్రమని చెప్పి తమ కార్యాలయం వారు ఎత్తుకుపోయిన పాత రేడియేటరును తిరిగి ఇప్పించుట గురించి.

అయ్యా,

తమరు క్షేమమనీ, తమ కార్యాలయంలో గదులు వెచ్చగా ఉన్నాయనీ తలుస్తాను. తమరు దయతో పంపే కరెంటు నిన్న కూడా మా ఊరు వచ్చింది. మా ఆవిడ లేచి కెటిల్ తగిలించేలోపు వెళ్ళిపోయింది. అంత దూరం నుంచి వచ్చినందుకు కృతజ్ఞతలు. ఇక దిగువ అంశములను తమ దృష్టికి తెచ్చుచున్నాను.

1. తేదీ గురించి. సూర్యుడు భుజం మీద ఉండగా ఇదే విషయమై తమకు ఒక అర్జీ పెట్టుకుని ఉన్నాను. మా లోయలో పాతవాళ్ళం కాలాన్ని మనిషి ఒంటి మీద లెక్కపెడతాం. వేసవి పోయాక సూర్యుడు తల నుంచి దిగడం మొదలుపెట్టి భుజం, గుండె, నడుము, మోకాలు దాటి కాలి గోళ్ళకు చేరతాడు. ఆ పైన గడ్డు చలి. తమ తాతగారూ ఇలాగే లెక్కపెట్టి ఉంటారు. అర్జీ మీద "సూర్యుడు భుజంలో" అని తేదీ వేశాను. తమ గుమాస్తాగారు అది భుజం నొప్పి కేసని నిర్ధారించి జిల్లా ఆసుపత్రికి పంపారు. ఆసుపత్రి వారు రాసుకోమని ఒక మందు గొట్టం పంపారు. తమ శాఖకు పెట్టుకున్న అర్జీకి ఫలితంగా చేతికి ఏదో ఒకటి రావడం మా ఊళ్ళో ఇదే మొదలు. ఇరుగుపొరుగు వచ్చి చూసిపోయారు.

2. సదరు విద్యుత్ కేంద్రం నిర్మాణం గురించి. నా లారీ చచ్చాక మిగిలిన రేడియేటరు ఒకటి. దానికి పొయ్యి మసిని ఖుబానీ పండ్ల గింజల నూనెలో కలిపి పూశాను. దాన్ని ఒక చెక్క పెట్టెలో పెట్టాను, అడుగున గొర్రె ఉన్ని, పైన పాత కిటికీ అద్దం. దానికంటే కాస్త ఎత్తున ఒక నీళ్ళ పీపా, దాని చుట్టూ నా చలికోటు. రెంటికీ మధ్య రెండు గొట్టాలు. ఎండ పడితే నీళ్ళు కాగి వాటంతట అవే పైకి పోతాయి, చల్లనివి కిందికి వస్తాయి. కింది నుంచి పైకి పోయింది మళ్ళీ కిందికి తిరిగొచ్చేది ఈ జిల్లా మొత్తం మీద ఈ పెట్టెలోనే అని, కాగితాలు పెట్టుకున్న అనుభవం మీద చెప్పగలను.

3. తనిఖీ గురించి. తమ ఇన్‌స్పెక్టరు మీర్జోబేగ్ గారు ఆరోగ్య కేంద్రం మీటరు చూసి, కప్పెక్కి, పీపా చూసి నన్ను పిలిపించారు.

"ఏం పెద్దాయనా, మీటరు తిరగట్లేదు, నీళ్ళేమో పొగలు కక్కుతున్నాయి. తీగ ఎక్కడ తగిలించావ్?"

"తీగ లేదు బాబూ. ఎండకు కాగాయి."

"ఎండకా? ఎవరి అనుమతితో?"

మా మంత్రసాని నెక్‌బఖ్త్ పెద్దమ్మ ఆ పక్కనే తువ్వాళ్ళు ఆరేస్తోంది. ఆమె నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదు. "సూర్యుణ్ణి అడిగే పెట్టాం నాయనా. రోజూ పొద్దున్నే డ్యూటీకొచ్చి సాయంత్రం దాకా ఉంటున్నాడు. సెలవులో ఉన్నది మీ కరెంటే" అంది.

ఇన్‌స్పెక్టరుగారు నమ్మక పీపాలో చెయ్యి ముంచి, కెవ్వుమన్నారు. పెద్దమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, "అబద్ధమాడలేదు కదా మరి" అంటూ వెన్న రాసింది. తనిఖీ నివేదికలో ఇది "విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగిపై దాడి" అని చేరింది. వెన్న సంగతి చేరలేదు. ఆ సాయంత్రమే పెట్టెకూ పీపాకూ సీలు వేసి జీపులో వేసుకుపోయారు.

4. అనుమతి గురించి. తమ కార్యాలయానికి వచ్చి పెరట్లో కాచుకుని కూర్చున్నాను. అక్కడ చక్రాలు లేని లారీ ఒకటి ఉంది, నా లారీకి తోడబుట్టినదే. దాని మీద తమ సిబ్బంది తివాచీలు ఆరేసుకుంటారు. ఎవరూ పలకరించనందున దానితోనే కాసేపు మాట్లాడాను. చివరికి గుమాస్తాగారు పిలిచి, విద్యుత్ కేంద్రం నడపాలంటే దాన్ని ముందు తమ తీగలకు కలపాలనీ, మేము వాడగా మిగిలినది శాఖకు పంపాలనీ సెలవిచ్చారు.

"అయ్యా, అవి నీళ్ళండీ. మిగిలిన నీళ్ళు తీగలో ఎలా పొయ్యను?"

"అది సాంకేతిక విభాగం చూసుకుంటుంది. నువ్వు దరఖాస్తు పెట్టు."

"మరి నా పెట్టె?"

"సాక్ష్యాల గదిలో భద్రంగా ఉంది. నీ ఇంట్లో కూడా అంత భద్రంగా ఉండదు."

5. ఈ అంశము రాయకూడదనుకున్నాను. పోయిన గడ్డు చలిలో మా అమ్మాయి గుల్‌చెహ్రాకు తొలికాన్పు. కరెంటు లేదు. పిడకలు తడిసి రాజుకోలేదు. నెక్‌బఖ్త్ పెద్దమ్మ బిడ్డను తన చొక్కాలో పెట్టుకుని, ఒంటి వేడి ఇస్తూ, "నీళ్ళేవిరా, నీళ్ళేవిరా" అని అరుస్తూ కూర్చుంది. నేను పొయ్యి ముందు ఊదుతూనే ఉన్నాను. నీళ్ళు కాగాయి. అప్పటికి అవి పసిదాని మొదటి స్నానానికి కాదు, కడపటి స్నానానికి పనికొచ్చాయి. ఆడపిల్ల. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఎవరి మీద చూపాలో తెలియక లారీ రేడియేటరు విప్పడం మొదలుపెట్టాను.

ఇప్పుడు అమ్మాయికి మళ్ళీ నెలలు నిండుతున్నాయి. సూర్యుడు గోళ్ళకు దిగేసరికి కాన్పు అంటోంది పెద్దమ్మ. మా కొండల్లో చలికాలం కరెంటు ఎగ్గొడుతుందేమో గాని ఎండ ఎగ్గొట్టదు. మాకు తమ కరెంటు వద్దు. ఒక్క పీపా వేడినీళ్ళు మాత్రం కావాలి.

కావున తమరు దయతలచి, ఆ పెట్టె కరెంటు పుట్టించదనీ, నేను పుట్టించలేదనీ, ఆ మాటకొస్తే మా ఊళ్ళో కరెంటు కనిపించడమే అరుదనీ గ్రహించి, సూర్యుడు గోళ్ళకు దిగేలోపు దానిని వాపసు ఇప్పించుటకు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
యోర్‌బేగ్ షోనజరొవ్

జత: భుజం మందు గొట్టం ఒకటి. వాడలేదు. అవసరమున్న శాఖకు పంపగలరు.

తా.క.: ఈ అర్జీ పట్టుకుని కొండ దిగి వచ్చేసరికి తమ కార్యాలయం మూసి ఉంది. "సారు రాజధానికి పోయారు, ఇంట్లో ఇచ్చిపో" అని కాపలాదారు దారి చూపించాడు. తమ ప్రహరీ దగ్గరికి రాగానే నాకు సాక్ష్యాల గది కనిపించింది. అది తమ స్నానాల గది కప్పు మీద ఉంది. సీలు మాత్రం చెక్కుచెదరలేదు. పెట్టెను ఉత్తరం వైపు తిప్పి పెట్టారు. పీపాను పెట్టె కంటే కింద పెట్టారు. దొంగతనం కంటే నాకు అది ఎక్కువ బాధ కలిగించింది.

గేటు ముందు నిలబడి తిట్లు కూడగట్టుకుంటూ ఉండగా తమ అమ్మగారు బయటికి వచ్చారు. "కొండ మీది నుంచి వచ్చినట్టున్నావు, పెదాలు చూడు ఎలా పగిలాయో. లోపలికి రా నాయనా" అని చెయ్యి పట్టుకు తీసుకుపోయి, ఉప్పు వేసిన పాల చాయ్‌లో రొట్టె తుంచి వేసి గిన్నె చేతిలో పెట్టారు. పొద్దుటి నుంచి నా కడుపులో ఏమీ లేదు. సగం తాగాక గుర్తొచ్చింది, ఉప్పు తిన్న ఇంటి మీద ఫిర్యాదు చేయకూడదని. మా లోయలో అదే చట్టం, తమ అనుమతి పత్రాల కంటే పాతది. కనుక పై అయిదు అంశములనూ రద్దు చేసుకొనుచున్నాను.

"మా వాడు ఎక్కడ్నించో తెచ్చి ఎక్కించాడు ఆ డబ్బా. వేడినీళ్ళొస్తాయమ్మా అన్నాడు. నా మొహం! ముంచితే వేళ్ళు కొయ్యబారిపోతున్నాయి. ఇదిగో చూడు, వంగట్లేదు" అన్నారు అమ్మగారు.

చూస్తూ ఊరుకోలేకపోయాను. కప్పెక్కి పెట్టెను దక్షిణానికి తిప్పాను. పీపాను దానికంటే ఎత్తున రాళ్ళ మీదికి చేర్చాను. మధ్యాహ్నం దాటేసరికి నీళ్ళు కాగాయి. అమ్మగారు బకెట్లో రెండు చేతులూ ముంచి, "అమ్మయ్య" అని కళ్ళు మూసుకున్నారు. పెట్టె నాదని ఆమెకు చెప్పలేదు. విప్పుకుపోవడానికి నాకు చేతులు రాలేదు.

ప్రస్తుతం తమ కార్యాలయం పెరట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. తివాచీలు మడిచి పక్కన పెట్టాను. లారీ ముందు మూత తెరిచి చూస్తే లోపల రేడియేటరు బంగారంలా ఉంది. విప్పడం అయిపోయింది. తమ కాపలాదారు తప్పేమీ లేదు, ఆయన ఆ సమయంలో ఎంతో శ్రద్ధగా ఆకాశం వైపు చూస్తున్నాడు. ఈ కాగితం తమ బల్ల మీదికి చేరేసరికి అది నా వీపు మీద కొండ ఎక్కుతూ ఉంటుంది. కేసు పెట్టదలిస్తే తేదీ దగ్గర మోకాలు అని రాసుకోండి, ఆసుపత్రి వారు చూసుకుంటారు.

రోజూ పొద్దుగూకగానే ఆ పెట్టెలో నీళ్ళు ఖాళీ చేయించండి. గడ్డకడితే రేడియేటరు పగిలిపోతుంది, అమ్మగారి చేతులు మళ్ళీ మొదటికొస్తాయి. తమ ఇంటి ఉప్పు తిన్నాను కనుక ఈ మాట చెప్పి పోతున్నాను. తమ ఆఫీసు ఉప్పు మాత్రం నేను ఎన్నడూ తినలేదు.