దండ జారే పెట్టె

జులై 3

ఆషాఢం. పెళ్ళిళ్ళు లేవు, కార్డులు లేవు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా గల్లీ పొడుగునా కార్డుల షాపులవాళ్ళందరం ఈగలు తోలుకుంటున్నాం. ఆ పనిలో ఉండగా ఒక కుర్రాడు వచ్చాడు. పేరు శైలేందర్. గడ్డం, భుజాన బ్యాగు. పెళ్ళెప్పుడు బాబూ అని అడిగాను. పెళ్ళి కాదు సార్, దయ్యం అన్నాడు.

'గడపలో నీడ' అనే పాత సినిమాని బ్లూ-రేగా తెస్తున్నాడట. అయిదు వందల కాపీలే, లిమిటెడ్ ఎడిషన్. ఈ రోజుల్లో డిస్కులు ఎవరు కొంటారయ్యా అంటే, డిస్కు కోసం కాదు సార్, పెట్టె కోసం కొంటారు అన్నాడు. పాతికేళ్ళ కింద వారం కూడా ఆడని సినిమా అది. ఇప్పుడు పిల్లలు దాని మీద మీమ్స్ చేస్తున్నారట, ఆ దయ్యం బొమ్మతో టీ-షర్టులు వేసుకు తిరుగుతున్నారట. పోయేకాలం అనుకున్నాను.

ఆ సినిమాలో చచ్చిపోయిన భార్య ఫోటో గోడకి ఉంటుంది, దండ వేసి. ఆ దండ జారి కింద పడిందంటే ఆవిడ బయటికి వచ్చేసినట్టు. ఫోటో చూస్తున్నవాడి వెనకాలే నిలబడి ఉంటుంది. శైలేందర్‌కి కావలసింది అదే. పెట్టె తలుపులా ఉండాలి. తలుపు తీస్తే లోపల ఫోటో, దానికి చిన్న గంధపు దండ. తీయగానే దండ జారి పడాలి. మా పెళ్ళికార్డు పెట్టె తెరిస్తే లోపల వినాయకుడు లేచి నిలబడతాడు కదా, అది ఎవరింట్లోనో చూసి వచ్చాడు. వినాయకుణ్ణి లేపినవాడికి దండని పడెయ్యడం ఎంతసేపు అని అతని లెక్క.

చేస్తానన్నాను. ఆ ఫోటోలో ఉన్నది మా ఆవిడేనని మాత్రం చెప్పలేదు.

జులై 4

డైలసిస్ రోజు. మెషీన్ పక్కన నాలుగు గంటలు మా ఆవిడ అండాలుకి కాలక్షేపం ఉండాలని, ఈ సంగతి రాత్రి చెప్పకుండా దాచి ఇవాళ చెప్పాను. ఎంత నవ్విందంటే మెషీన్ కూత పెట్టింది. సిస్టర్ పరిగెత్తుకొచ్చి నన్ను తిట్టింది.

పాత కథ మళ్ళీ చెప్పమన్నాను. అప్పుడు కర్మన్‌ఘాట్‌లో ఏదో పాత ఇంట్లో షూటింగ్. వాళ్ళక్క కుట్టిన జాకెట్లు ఇచ్చి రావడానికి ఈవిడ వెళ్ళింది. అక్కడ హీరోయిన్ ఏడుస్తోంది. బతికుండగా నా ఫోటోకి దండ వెయ్యనివ్వను, కావాలంటే సినిమా మానేస్తాను అంటోంది. ఆవిడ తల్లి ఇంకా గట్టిగా ఏడుస్తోంది. డైరెక్టర్ నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. జాకెట్ల సంచీ చంకన పెట్టుకుని నిలబడ్డ అండాలు, నా ఫోటోకి ఏసుకోర్రి, ఏమైతది అంది. ఫోటో ఎవరిదైతే దయ్యం కూడా వాళ్ళే కావాలి కదా. అలా వేషం వచ్చింది. హీరోయిన్ చెల్లెలి పాత్రకి మారింది. ఇంటికి వెళ్ళాక అండాలు వాళ్ళమ్మ ఎండు మిరపకాయలతో దిష్టి తీసి, ఇంక ఆ గుమ్మం తొక్కితే కాళ్ళు విరగ్గొడతానంది.

నేను ఆ సినిమా బ్రహ్మచారిగా చూశాను. దండ జారగానే హాల్లో అందరూ వెనక్కి తిరిగి చూశారు. నేనూ చూశాను. తర్వాత కొన్నాళ్ళకి గడ్డిఅన్నారం మార్కెట్లో దయ్యం బత్తాయిలు బేరమాడుతూ కనిపించింది. నా చేతిలో సంచీ జారిపోయింది. ఆవిడకి అర్థమైంది, నవ్వింది. నా పెళ్ళి అక్కడే కుదిరిపోయినట్టు. మా అమ్మ కోటేశ్వరమ్మకి కోడలు దయ్యమని పోయేదాకా తెలియదు. తెలిస్తే గుంటూరు నుంచి పది సంబంధాలు దింపేది.

జులై 10

ఇంక దాచలేక శైలేందర్‌కి చెప్పేశాను. షాపు స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాడు. అప్పటికప్పుడు మన్సూరాబాద్‌లో మా ఇంటికి వచ్చాడు. సోఫా ఉండగా నేల మీద కూర్చున్నాడు. ఆ దయ్యం ఎవరో కనుక్కోవడానికి మూడేళ్ళుగా తిరుగుతున్నాడట. సినిమా టైటిల్స్‌లో ఆవిడ పేరే లేదు. పెట్టె మీద వేస్తానన్నాడు.

అండాలు బీరువా పైనున్న సూట్‌కేసు దింపించింది. పాత పట్టుచీర మడతల్లో ఆ ఫోటో. షూటింగ్‌లో గోడకి పెట్టిన అసలుదే. ఇరవై రెండేళ్ళ పిల్ల, కాటుక కళ్ళు, రానున్న నవ్వు ఆపుకున్న మొహం. స్కాన్ చేయించి తెస్తానని శైలేందర్ అందుకుంటుంటే అండాలు అతని చెయ్యి పట్టుకుంది.

"జర పైలం బిడ్డా. నాకున్న మంచి ఫోటో అదొక్కటే."

జులై 12

పెట్టె మీద పేరు వేస్తారన్నప్పటి నుంచి అండాలు కూరలో ఉప్పు లేదని ఒక్కసారి కూడా గొడవ చెయ్యలేదు.

జులై 22

శాంపిల్ కుదిరింది. తలుపు అంచుకి సన్నని దారం, దారం చివర చిన్న కొక్కెం, కొక్కేనికి దండ. తలుపు పూర్తిగా తెరుచుకునేసరికి కొక్కెం వంగి దండ జారుతుంది. ఫోటో ప్రింట్ ఇంకా రాలేదు కాబట్టి ఫ్రేములో తెల్లకాగితం పెట్టి చూశాను. ఇరవైసార్లు తీస్తే ఇరవైసార్లూ పడింది. అట్ట పని మొదలుపెట్టి ఇన్నేళ్ళలో ఇంత మంచి పెట్టె చెయ్యలేదు.

ఏ ఆర్డరైనా మొదటి పీసుకి నాలుగు మూలలా పసుపు రాయడం మా షాపులో అలవాటు. బంక పని చేసే సైదులు, చెయ్యి అలవాటు కొద్దీ దయ్యం పెట్టెకి కూడా రాసేశాడు. నేను తుడవలేదు.

జులై 23

ఫోటో ప్రింట్లు వచ్చాయి. తెల్లకాగితం తీసేసి అండాలుని పెట్టాను. కింద పేరు కూడా ఉంది, బంగారు ఫాయిల్‌లో. దండ తీసుకున్నాను. చెయ్యి లేవలేదు.

నిజంగానే లేవలేదు. బొటనవేలంత దండ. దాన్ని పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. మా అమ్మాయి సింధూర ఆఫీసు నుంచి వెళుతూ షాపుకి వచ్చింది. నా చేతిలో దండ చూసింది, పెట్టెలో ఫోటో చూసింది.

"నాన్నా, అమ్మ బతికే ఉంది" అంది.

మెట్రో దాకా ఒక్కతే నడిచి వెళ్ళిపోయింది.

జులై 24

దండ విడిగా చిన్న గుడ్డ సంచీలో పెట్టి ఇద్దామని శైలేందర్‌కి ఫోన్ చేశాను. కొరియర్‌లో నలిగిపోతుంది, కొక్కేలు ఊడిపోతాయి, కంప్లయింట్లు వస్తాయి అన్నాను. అతను చాలా నీరసపడ్డాడు. అదే కదా సార్ పెట్టె అంతా అన్నాడు. పోనీ కొనుక్కున్నవాళ్ళే దండ వేసుకుంటారులే అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

అబద్ధం ఇంత సులువుగా ఎలా అల్లానో నాకే తెలియలేదు. ఎవరెవరో వేసుకుంటే వేసుకోనీ. నా చేత్తో నేను వెయ్యను.

ఆగస్టు 17

శ్రావణం. ఊపిరాడని పని. ఆదివారం కదా అని శాంపిల్ ఇంటికి తీసుకెళ్ళాను. తీసుకెళ్ళకుండా ఉండాల్సింది.

అండాలు పెట్టెని ఒళ్ళో పెట్టుకుంది. తన పేరు మీద వేలు పెట్టి నిమిరింది. ఎడమచేతికి డైలసిస్ సూదుల కోసం చేసిన ఫిస్టులా ఉంది కాబట్టి కుడిచేత్తో నెమ్మదిగా తలుపు తీసింది. ఏమీ పడలేదు. మూసి మళ్ళీ తీసింది. దండ ఏదని అడిగింది. కొరియర్ కథ మొదలుపెట్టాను. సగంలోనే ఆపేసింది.

"ఇన్నేండ్ల సంది డబ్బాలు జేస్తున్నవ్. నాకు కొరియర్ కతలు చెప్తున్నవా? నువ్వు భయపడ్డవ్."

తలొంచుకున్నాను.

"గా దండకు భయపడలేదనే నాకు వేషమిచ్చిన్రు. నా బతుకుల నేను జేసిన పెద్ద పని గదొక్కటే. నువ్వు దాన్నే తీసి సంచిల పెట్టినవ్."

కోపంగా అనలేదు. కోపంగా అంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. పెట్టె నా చేతికిచ్చి, అయిదు వందలు నీ ఇష్టం, నా ఒక్కదానికన్నా దండ పడేటట్టు చెయ్, నేను సూడాలె అంది. సరేనన్నాను.

ఆగస్టు 18

రేపు చేస్తాను.

సెప్టెంబర్ 2

ఇంకా చెయ్యలేదు. సీజన్ అని చెబుతున్నాను. సీజన్ లేదు, గాడిదగుడ్డు లేదు. పది నిమిషాల పని. కొక్కెం ఉంది, దారం ఉంది, దండ నా టేబుల్ సొరుగులో ఉంది. సొరుగు తీసి, చూసి, మూస్తున్నాను.

క్రియాటినిన్ పెరిగింది. కాళ్ళు వాచాయి. డాక్టర్ మొహం చూస్తే ఏమీ తెలియదు, ఆయనకి అది బాగా అలవాటు. అండాలు మాత్రం పెట్టె సంగతి రోజూ అడగదు. డైలసిస్ రోజున సూది గుచ్చేటప్పుడు నా వైపు చూస్తుంది. అంతే.

దండ వెయ్యనంతకాలం ఏమీ కాదని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఎవరికైనా చెబితే నవ్వుతారు. నవ్వనీ.

సెప్టెంబర్ 19

ఇన్ఫెక్షన్. ఎల్‌బీ నగర్ దవాఖానాలో ఐసీయూ. లోపలికి ఒక్కరినే, అదీ అయిదు నిమిషాలే పంపుతున్నారు. సింధూర పొద్దున వెళ్ళింది, నేను సాయంత్రం.

మాస్కు పక్కకి జరిపి, నా డబ్బా అయిందా అని అడిగింది. అయిందన్నాను. పడుతుందా అని అడిగింది. ప్రతిసారీ పడుతుంది అన్నాను. తీసుకురమ్మంది. రేపు తెస్తానన్నాను. లోపలికి ఏమీ తేనివ్వరు కదా అని సిస్టర్‌ని అడిగాను, కుదరదంటుందని. చిన్న పెట్టే కదా, తెచ్చుకోండి సార్ అంది.

సెప్టెంబర్ 24

అండాలు పొద్దున పోయింది.

అక్టోబర్ 4

పదకొండో రోజు. ఫోటో కావాలన్నారు. ఇల్లంతా వెతికారు. జబ్బు చేశాక తీసినవాటిల్లో మొహం వాచి ఉంది. అంతకు ముందువాటిల్లో అన్ని పెళ్ళిళ్ళలోనూ ఎవరికో వడ్డిస్తూ సగమే ఉంది. సింధూర షాపుకి వెళ్ళి ఆ ఫోటో పెద్ద ప్రింట్ తీయించి తెచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. పంతులు గారు ఒకసారి ఆ పిల్లని, ఒకసారి నన్ను చూసి మంత్రం మర్చిపోయారు. అండాలు ఉంటే పొట్ట పట్టుకుని నవ్వేది.

దండ కూడా సింధూరే తెచ్చింది. వెయ్యొద్దన్నాను. అప్పుడు వద్దన్నది నేను కదా నాన్నా, ఇప్పుడు నేనే తెచ్చాను, వెయ్యనీ అని ఏడ్చింది. అయినా వద్దన్నాను. చుట్టాలు గుసగుసలాడుకున్నారు. దండ ఫోటో ముందు స్టూలు మీదే వాడిపోయింది.

ఏదో ఆపడానికి దండ ఆపాను. ఏం ఆగింది? ఆవిడ అడిగిన ఒక్క పెట్టె మాత్రం ఆగింది. చిన్నపిల్లలా అడిగింది. పది నిమిషాల పని.

అక్టోబర్ 6

శైలేందర్ వచ్చాడు. రిలీజ్ ఆపేద్దాం సార్ అన్నాడు. ఆవిడ పేరు ఉన్న పెట్టెలు, గోడౌన్‌లో ఎందుకు ఉండాలి, పంపించెయ్ అన్నాను. వెళ్ళేముందు గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ నిలబడిపోయాడు. నేనే వెళ్ళి వీపు నిమరాల్సి వచ్చింది.

అక్టోబర్ 23

దీపావళికి పెట్టెలు అందరికీ చేరాయి. అన్‌బాక్సింగ్ వీడియోలు వస్తున్నాయి. సింధూర చూపించింది, నేను వద్దనలేదు. విశాఖపట్నంలో ఒకడు, బెంగళూరులో ఇద్దరు, ఖమ్మంలో ఒక అమ్మాయి. అందరూ ముందు తలుపు తీస్తారు. అండాలు పేరు పైకి చదువుతారు. తర్వాత గుడ్డ సంచీలోంచి దండ తీసి, ఎంతో జాగ్రత్తగా ఫోటోకి వేస్తారు. ఖమ్మం అమ్మాయి వేశాక దండం కూడా పెట్టుకుంది.

అయిదు వందల ఇళ్ళల్లో అండాలుకి దండ వేశారు. మా ఇంట్లో వెయ్యలేదు.

నవంబర్ 9, మధ్యాహ్నం

సింధూర బయటికి వెళ్ళింది. షాపు నుంచి సైదులు పసుపు రాసిన ఆ మొదటి పెట్టె తెచ్చాను. కొక్కెం బిగించాను. దారం కట్టాను. ఫోటోకి దండ వేశాను. తలుపు మూసి, తీశాను.

దండ జారింది.

వెనక్కి తిరిగి చూశాను.