అమ్మను అడిగానని చెప్పు

నాబుల్ ఊరి నుంచి

ప్రియమైన నజ్లా,

ట్యూనిస్‌లో మీ వంటింట్లో కూర్చుని నువ్వు ఈ ఆన్‌లైన్ అంగడి మొదలుపెట్టినప్పుడు అమ్మేవాళ్లం గుప్పెడుమందిమి. సీసా పగిలిందంటే నువ్వే ఫోన్ చేసి, "ఏడవకే పిచ్చిదానా, కొన్నావిడతో నేను మాట్లాడతాలే" అనేదానివి. ఇప్పుడు వేలమంది. నీ నంబరు మోగదు.

అంగడిలో నా నారింజపూల పన్నీరు ఎంత వెతికినా కనపడటం లేదట. "నాణ్యతపై అనుమానం" అని నోటీసు వచ్చింది. ఈ పూల కాలం దాటితే మళ్లీ ఏడాదిదాకా నాకు బతుకుతెరువు లేదు. భయంగా ఉందే. అంగడి సైటులోని ఉత్తరాల పెట్టెలో రాస్తే నీకే చేరుతుందని నీ ఫోటో పెట్టి మరీ ఉంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నీ మబ్రూకా

*

ప్రియమైన మబ్రూకా,

ఏడవకే పిచ్చిదానా! నేనుండగా నీకెందుకు భయం? సరుకు అసలైనదని తేలితే చాలు. మీ ఇంటి పద్ధతి ఉన్నదున్నట్టు రాసి పంపు, మిగతాది నేను చూసుకుంటాను.

అమ్మను అడిగానని చెప్పు.

నీ నజ్లా

*

ప్రియమైన నజ్లా,

నీ జాబు చూశాక ప్రాణం లేచొచ్చింది. కానీ అమ్మను అడిగానంటావేమిటే? కిందటేడు నాతో పాటు అమ్మకు కడసారి స్నానం చేయించింది నువ్వే కదా! పని ఒత్తిడిలే అని సరిపెట్టుకున్నాను.

ఎవరికీ చెప్పనిది నీకు చెబుతున్నాను. పూలు నీడలో ఆరబెట్టి, రాగి బట్టీలో కాచి, పన్నీరు సగం దిగాక గుప్పెడు లేత నారింజాకులు వేసి మంట తగ్గించాలి. ఆ వాసనంతా ఆకులదే.

నీ మబ్రూకా

*

ప్రియమైన మబ్రూకా,

వివరాలు అందాయి. చాలా సంతోషం. పరిశీలిస్తున్నాం.

అమ్మను అడిగానని చెప్పు.

నీ నజ్లా

*

నజ్లా,

ఇది పెట్టెలో వేయడం లేదు. బస్సు నడిపే మా బాబాయి చేతికిచ్చి మీ ఇంటికే పంపుతున్నాను.

అంగడి ఈ రోజు సొంత పేరుతో పన్నీరు అమ్మకానికి పెట్టింది. "సగం దిగాక గుప్పెడు లేతాకులు" అని సీసా మీద నా మాటలే! నా దుకాణం మూసేశారు. పద్ధతి రాసి పంపమని, పోయిన అమ్మను అడిగానని చెప్పమని నాకు రాస్తున్నది నువ్వేనా? నువ్వు కాకపోతే ఎవరు?

మబ్రూకా

*

నా మబ్రూకా,

ఈ ఏడాదిలో నీ దగ్గర్నుంచి నాకందిన మొదటి ఉత్తరం ఇదే.

అంగడి పెరిగింది, డబ్బు పెట్టినవాళ్ల చేతికి పోయింది. చలికాలంలోనే నన్ను గెంటేశారు, మీ నంబర్లున్న ఫోనూ లాక్కున్నారు. పేరూ ఫోటో మాత్రం వదల్లేదు. మీ అందరికీ నేను రాసిన పాత ఉత్తరాలతో ఒక యంత్రానికి నాలా రాయడం నేర్పారట. అమ్మ బతికుండగా నీకు రాసిన ప్రతి జాబూ అమ్మను అడిగానన్న మాటతోనే ముగించేదాన్ని కదా, దానికి అంతే తెలుసు. నేను అడిగాననుకుని మిగతావాళ్లు ఇంకేమేం చెప్పేశారో!

రేపు పొద్దున బస్సుకు వస్తున్నాను. మన పాతవాళ్లందరి ఇళ్లకూ కలిసే వెళ్దాం. ఈలోగా నా పేరుతో ఏమొచ్చినా నమ్మకు. ఈ ఉత్తరాన్ని కూడా నమ్మకు. అమ్మ సమాధి దగ్గరికి రా. నేను అక్కడ ఉంటాను.

నజ్లా