తాడు కట్టగానే పోయినట్టే

కోరుట్ల, మంగళవారం రాత్రి

పసుపు లారీకి తాడు బిగించి కొబ్బరికాయ కొట్టగానే గోదాము పుస్తకంలో ‘పోయింది’ అని రాసెయ్యడం నా పాత అలవాటు. లారీ రెండు రోజులు వాకిట్లోనే ఉన్నా పుస్తకం ఎవరికీ చెప్పేది కాదు. (నాకు చదువు చెప్పింది బస్తాల మీది అక్షరాలే. అది వేరే కథ.) ఇప్పుడు మా కంప్యూటరును కస్టమ్స్ వాళ్ల కంప్యూటరుతో కలిపారు. విదేశాలకు ఏ సరుకు ఎప్పుడు పంపాలో వాళ్లు దాన్ని చూసే తేలుస్తారట.

నిన్న లారీకి తాడు కట్టగానే, కంప్యూటరు ముందు కూర్చునే రెహానా నమాజుకు లేచినప్పుడు, అలవాటు కొద్దీ నేనే అందులో ‘పోయింది’ బటను నొక్కాను. లారీ కదిలింది ఈ పొద్దున. మల్యాల దగ్గర తెలంగాణ కోసం జనం దారి ఆపి రోడ్డు మీదే వంట పెట్టారు. మా డ్రైవరూ బంతిలో కూర్చున్నాడు. నిన్ననే బయల్దేరిందన్న లారీ కోసం హైదరాబాదులో కస్టమ్స్ ఆఫీసరు చూసి చూసి, అనుమతి ఆపేశాడు.

మా గోదాము సేటు రెహానా మీద పడ్డాడు. “నీ డబ్బా అబద్ధం చెప్పింది. రేపటి సంది రాకు!”

“నేను కొట్టలే సేటూ,” అంది.

“కొట్టింది నేను,” అన్నాను.

సేటు నవ్వాడు. “నువ్వా? నీకు గా డబ్బా తెరువనన్న వస్తదా? పిల్లను కాపాడుతున్నవ్, ముసలోడా!”

బయటికొచ్చాక రెహానా అంది: “తాతా, రేపు సేటు ముంగట కొట్టి చూపియ్యరాదు?”

కొడితే కస్టమ్స్‌కు ఇంకో అబద్ధం పోతుంది. కొట్టకపోతే పిల్ల కొలువు పోతుంది. ఆ బటను ఎక్కడుందో బల్ల మీద వేలితో గుర్తు చేసుకుంటున్నాను. ఎడమవైపు, పైన…